ఓటీ చదవాలంటే: ఇంటర్ కాగానే అమెరికాలో ఐదేళ్ల కంబైన్డ్ డిగ్రీయా, ఇక్కడే బీఓటీనా?

బుధవారపేట_నాన్న · ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది కర్నూలు. పాప ఇంటర్ బైపీసీ సెకండియర్. రెండేళ్ల కింద మా అమ్మకు పక్షవాతం వచ్చి కుడి చేయి పడిపోతే బెంగళూరులో నెలన్నర ఉంచినాం. అక్కడ రోజూ ఒకామె వచ్చి అమ్మతో కొంగు సర్దించడం, చెంబు పట్టించడం, రవికె హుక్కులు పెట్టించడం చేసేది. ఆమెను ఆక్యుపేషనల్ థెరపిస్ట్ అంటారట. సెలవులు కాబట్టి పాప వాళ్ల అవ్వ పక్కనే ఉండి అంతా చూసింది. అప్పట్నుంచి ఒకటే పాట, నేను ఓటీ చదువుతా అని.

మా బామ్మర్ది న్యూజెర్సీలో ఉంటాడు. ఇంటర్ అవగానే అక్కడ చేరితే ఐదేళ్లలో బ్యాచిలర్స్, మాస్టర్స్ రెండూ చేతికొస్తాయి, కంబైన్డ్ డిగ్రీ అంటారు, విడివిడిగా చదివితే ఆరేళ్ల పైమాటే అంటాడు. వినడానికి బాగానే ఉంది. ఫీజుల కాగితం చూసి రెండు రోజులు నిద్ర పట్టలేదు. ఇక్కడ బీఓటీ, అంటే ఓటీలోనే బ్యాచిలర్స్ డిగ్రీ, ఉందంటారు గానీ ఊర్లో ఎవర్నడిగినా ఫిజియోథెరపీ గురించే చెప్తారు. తెలిసినవాళ్లు కాస్త దారి చూపండి.

సంగటి_ముద్ద · ఆదివారం రాత్రి 9:20

ఓటీ అంటే ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్ కదన్నా? మా చిన్నాయన కొడుకు చేసినాడు. రెండు మూడేళ్ల కోర్సే. దానికి అమెరికా ఎందుకు?

బుధవారపేట_నాన్న · ఆదివారం రాత్రి 9:24

చూసినారా, మా ఇంట్లో చుట్టాలందరిదీ ఇదే మాట. పాప చెప్పి చెప్పి విసుగొచ్చి ఇప్పుడు "అవును, ఆపరేషన్లు చేస్తా" అంటోంది.

బీపీటీ_శీను · ఆదివారం రాత్రి 10:05

సంగటి అన్నా, అది వేరు, ఇది వేరు. నేను ఫిజియోని, నంద్యాల చెక్‌పోస్ట్ దగ్గర క్లినిక్. రాయలసీమలో ఓటీ చాలా తక్కువమంది, అందుకే ఎవరికీ పేరు తెలీదు. స్ట్రోక్ కేసొస్తే చేతిపనులు, వేళ్ల పట్టు కూడా మేమే చూస్తాం, ఇంకెవరున్నారు గనక.

సార్, నా సలహా అడిగితే బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ, చేయించండి. కాలేజీలు దగ్గర్లో ఉన్నాయి, క్లినిక్ పెట్టుకోవచ్చు, పేషెంట్‌కు పేరు చెప్తే అర్థమవుతుంది. బీఓటీ చదివి కర్నూల్లో బోర్డు కడితే ఆపరేషన్ థియేటర్ అనుకుని అంబులెన్స్ తెచ్చి ఆపుతారు.

తాడిపత్రి_ఓటీ · ఆదివారం రాత్రి 11:31

శీను గారి అంబులెన్స్ మాటకు నవ్వొచ్చింది గానీ ఆ సలహా ఒప్పుకోను. నాది తాడిపత్రి, ఓటీగా బెంగళూరులో పదకొండేళ్లు.

తేడా ఒక్క కేసుతో చెప్తా. గుత్తి దగ్గర పల్లె నుంచి ఒక పెద్దావిడ వచ్చింది, స్ట్రోక్ అయ్యి ఐదు నెలలు. ఫిజియో బాగా చేసినారు, భుజం లేస్తోంది, మోచేయి చాస్తోంది. కానీ ఇంట్లో ఆ చేయి ఒళ్లో పడేసుకుని కూర్చునే ఉంటుంది. వేళ్లకు రబ్బరు బంతి ఇస్తే రెండుసార్లు నొక్కి పక్కన పెట్టేసేది. "అమ్మా, జబ్బు రాకముందు పొద్దున్నుంచి ఏం చేసేదానివి?" అనడిగినా. "ఏముంది తల్లీ, బుడ్డలు ఒలిచేదాన్ని" అంది. మర్నాడు అర కిలో బుడ్డలు తెప్పించినా. మొదటిరోజు గంట కూర్చుంటే నాలుగు కాయలు పగిలినాయి. బొటనవేలు, చూపుడువేలు కలిపి నొక్కడం, గింజ జారకుండా పట్టడం, పొట్టు ఒక గిన్నెలో, గింజ ఇంకో గిన్నెలో వేయడం. బంతి నొక్కమంటే విసుక్కున్న మనిషి, ఒలిచిన గింజలు లెక్కపెట్టుకుని "రేపు ఇంకో పది" అంది. మూడు వారాలకు దోసెడు.

ఇదంతా చూసేవాళ్లకు బుడ్డలు ఒలిపించడమే. మాకు అది యాక్టివిటీ అనాలసిస్. ఒక పనిని ముక్కలుగా విడగొట్టి ఏ కండరం, ఏ చూపు, ఎంత జ్ఞాపకం కావాలో చూసి, మనిషికి తగ్గట్టు తేలిక చేయడం లేదా కష్టం చేయడం. చదువులో సగం అదే. మిగతాది అనాటమీ, న్యూరాలజీ, సైకియాట్రీ, పిల్లల ఎదుగుదల, చేతిని సరైన ఆకారంలో పట్టి ఉంచే స్ప్లింట్లు చేయడం. థర్మోప్లాస్టిక్ షీటును వేడినీళ్లలో మెత్తబరిచి, చేతి మీద పెట్టి, అది గట్టిపడేలోగా ఆకారం తేవాలి. నా మొదటి పది స్ప్లింట్లు చూస్తే అప్పడాలు గుర్తొస్తాయి.

మన దేశంలో ఇదేం కొత్త చదువు కాదు. 1950లో బొంబాయి కేఈఎం ఆస్పత్రిలో కమలా నింబ్కర్ గారు మొదటి స్కూల్ పెట్టినారు. 1952లో ప్రపంచ ఓటీ సమాఖ్య మొదలైనప్పుడు స్థాపించిన పది దేశాల్లో మనదొకటి. పేరే మన జిల్లాల దాకా నడిచి రాలేదు.

బీపీటీ_శీను · ఆదివారం రాత్రి 11:50

మేడమ్, బుడ్డల కేసు బాగుంది. రేపట్నుంచి నేనూ మొదలుపెడతా, కోప్పడకండి.

తాడిపత్రి_ఓటీ · ఆదివారం రాత్రి 11:52

పెట్టండి. ఉప్పేసి వేయించినవి మాత్రం వద్దు, బీపీ కేసులు. ఒలిచినవి ఒలిచినట్టే తినేస్తారు.

పెన్నా_గట్టు · సోమవారం ఉదయం 6:48

నమస్తే అంకుల్. నేను కడప అమ్మాయిని. మీరడిగిన కంబైన్డ్ ప్రోగ్రామ్‌లోనే ఉన్నా, ఇది ఐదో ఏడు. మీ పాప నాకు చెల్లెల్లాంటిది, కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తా. కొంచెం పెద్దగా ఉంటుంది, టీ పెట్టుకుని చదవండి.

అమెరికాలో 2007 నుంచి ఉత్త బ్యాచిలర్స్‌తో ఓటీ అవడం కుదరదు. మాస్టర్సో, ఓటీడీ అనే డాక్టరేటో ఉండాలి. 2027 నుంచి డాక్టరేట్ ఒక్కటే ఉంచుదామని ఒక దశలో అనుకున్నారు గానీ 2019లో ఆ ఆలోచన మానుకున్నారు, ఇప్పుడు రెండు దారులూ ఉన్నాయి. "మాస్టర్స్ చెల్లదంట" అని పాత వీడియోలు చూసి ఎవరైనా భయపెడితే పట్టించుకోకండి.

కంబైన్డ్‌లో మొదటి మూడేళ్లు మామూలు కాలేజీ చదువు. అనాటమీ, ఫిజియాలజీ, స్టాటిస్టిక్స్, సైకాలజీలో రెండు మూడు కోర్సులు, పైగా ఇంగ్లిష్, చరిత్ర లాంటివి. నాలుగో ఏడు అసలు ఓటీ క్లాసులు మొదలవుతాయి. ఆ ఏడాది క్రెడిట్లు బ్యాచిలర్స్‌కూ పనికొస్తాయి, మాస్టర్స్‌కూ లెక్కవుతాయి. ఏడాది కలిసొచ్చేది అందుకే. మీ బామ్మర్ది గారు చెప్పిన ఐదేళ్లు దాదాపు నిజమే, ఫీల్డ్‌వర్క్, అంటే పేషెంట్ల దగ్గర చేసే శిక్షణ, పొడిగిస్తే ఐదున్నర.

బ్రోచర్లో చిన్న అక్షరాల్లో ఉండేది ఇంకోటుంది. నాలుగేళ్లకు వచ్చే ఆ బ్యాచిలర్స్ ఓటీ డిగ్రీ కాదు. దాని మీద హెల్త్ సైన్స్ అనో, రిహాబిలిటేషన్ స్టడీస్ అనో ఉంటుంది. దాంతో లైసెన్స్ పరీక్ష రాయనివ్వరు. మూడో ఏడు అయ్యాక ప్రొఫెషనల్ దశలోకి వెళ్లాలంటే మార్కులు నిలబెట్టుకోవాలి, చాలాచోట్ల జీపీఏ నాలుగుకు 3.0. మా బ్యాచ్‌లో ఒకమ్మాయికి సెకండియర్ అనాటమీలో తగ్గింది, ఆ తర్వాత ఎంత లాగినా అందుకోలేకపోయింది. ఆమె అక్కడి పిల్ల, సొంతూరికెళ్లి ఇంకేదో చదువుకుంటోంది. మన పిల్లకు అలా అయితే? నాలుగేళ్ల ఫీజు కట్టి, ఏ పనికీ నేరుగా అర్హత లేని డిగ్రీతో మిగులుతుంది. సీటు ఇచ్చేముందే "మూడో ఏటి నుంచి నాలుగో ఏటికి ఎంతమంది వెళ్లారు" అని కాలేజీని మెయిల్లో అడగండి. జవాబు నానబెడితే అనుమానించండి.

ప్రోగ్రామ్‌కు ఏకోట్ గుర్తింపు ఉందా అని కూడా చూడాలి, అమెరికాలో ఓటీ కోర్సులకు గుర్తింపు ఇచ్చేది వాళ్లే. అది లేకపోతే లైసెన్స్‌కు రాయాల్సిన ఎన్‌బీకాట్ పరీక్షకు కూర్చోలేరు, పరీక్ష లేకపోతే ఏ రాష్ట్రంలోనూ లైసెన్స్ రాదు.

చివర్లో లెవెల్ టూ ఫీల్డ్‌వర్క్, 24 వారాలు ఫుల్ టైమ్. సాధారణంగా పన్నెండేసి వారాలు రెండు చోట్ల. జీతం ఉండదు, పైగా ఆ టర్మ్‌కు ఫీజు మనమే కట్టాలి. నాకు మొదటిది కాలేజీకి గంటన్నర దూరంలో పడింది. బస్సు లేదు. అప్పటిదాకా స్కూటీ కూడా నడపని దాన్ని, పాత కారు కొని, మంచులో నేర్చుకున్నా. అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు. (అమ్మా, ఇది చదువుతుంటే సారీ.)

ఒక్కమాట_చెప్తా · సోమవారం ఉదయం 8:15

పద్దెనిమిదేళ్ల ఆడపిల్లను ఒంటరిగా అంత దూరం పంపి, ఎవరెవరో ముసలివాళ్లకు బట్టలు తొడిగే పని నేర్పించాలా? ఇంటి దగ్గరే బీఎస్సీ నర్సింగ్ పెట్టించండి.

పెన్నా_గట్టు · సోమవారం ఉదయం 8:40

బట్టలు తొడగం అంకుల్. వాళ్లంతట వాళ్లు తొడుక్కునేలా చేస్తాం. తొడిగేస్తే రెండు నిమిషాల్లో అయిపోతుంది, చేతులు కట్టుకుని పక్కన నిలబడి చూడ్డమే కష్టం.

నందికొట్కూరు_తమ్ముడు · సోమవారం ఉదయం 9:30

పెన్నా అక్క చెప్పిన ఏకోట్ సంగతి గట్టిగా పట్టుకోండి సార్. నాకు జరిగింది చెప్తా. పోయినేడు ఒక కన్సల్టెన్సీ వాళ్లు "ఓటీ కోర్సు, రెండేళ్లే, మీ బడ్జెట్‌కు సరిపోతుంది" అన్నారు. ముప్పై వేలు ఫీజు తీసుకున్నారు. తీరా వీసా కోసం కాలేజీ ఇచ్చే ఐ-20 కాగితం దాకా వచ్చాక చూస్తే అది ఆక్యుపేషనల్ థెరపీ అసిస్టెంట్ కోర్సు. అసిస్టెంట్ వేరే ఉద్యోగం, థెరపిస్ట్ పర్యవేక్షణలో పనిచేయాలి, పరీక్ష కూడా వేరు. తప్పుడు పనేం కాదు, కానీ నేనడిగింది అది కాదు. డబ్బులడిగితే "మీరు ఓటీ అన్నారు, మేం ఓటీయే చూపించాం" అన్నారు. ఏ కాలేజీ అయినా దాని పేరు ఏకోట్ సైటులో మీరే వెతకండి, వాళ్లు పంపిన పీడీఎఫ్ నమ్మకండి.

వడ్డీ_లెక్క · సోమవారం మధ్యాహ్నం 1:10

బ్యాంకులో రిటైరైనవాణ్ని, అనంతపురం. డబ్బు సంగతి ఎవరూ ఎత్తడం లేదు కాబట్టి నేనెత్తుతా.

నాయనా, నీ చేతిలో ఏముంది? పొలం ఉంది కదా అనుకుంటే పొరపాటు. చదువు లోనుకు సాగుభూమిని బ్యాంకులు మామూలుగా తాకట్టు పెట్టుకోవు. ఇల్లు, ప్లాటు, ఫిక్స్‌డ్ డిపాజిట్, ఇవే. చదువయ్యేదాకా, ఆపైన మామూలుగా ఇంకో ఏడాది వరకు కంతులు కట్టనక్కర్లేదంటారు, నిజమే. కానీ వడ్డీ ఆగదు. పది శాతం అనుకుంటే ప్రతి పది లక్షలకు ఏడాదికి లక్ష. మొదటి ఏడాది తీసుకున్న పది లక్షల మీద ఆరేళ్లకు ఆరు లక్షలు ఎక్కి కూర్చుంటుంది. రెండేళ్ల మాస్టర్స్‌కు అప్పు చేస్తే ఆ వడ్డీ రెండు మూడేళ్లదే. ఐదేళ్ల కంబైన్డ్‌కు మొదటి రూపాయి నుంచీ పరుగే. వీలైతే చదువుతున్నప్పుడే నెలనెలా వడ్డీ వరకు కట్టేయ్. ఆదాయపు పన్నులో పాత పద్ధతి ఎంచుకుంటే ఆ వడ్డీకి మినహాయింపు ఉంటుంది, ఎనిమిదేళ్ల దాకా.

ఇంకో మాట. ఆ అమ్మాయిని అడగండి, చదువయ్యాక అక్కడ ఎన్నాళ్లు ఉండనిస్తారో. అప్పు తీరేది దాని మీదే ఆధారపడి ఉంటుంది.

పెన్నా_గట్టు · సోమవారం సాయంత్రం 5:22

తాతగారు సరైన చోట నొక్కారు. ఓపీటీ, అంటే చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే పనిచేసుకునే అనుమతి, ఏడాది. కంప్యూటర్ పిల్లలకు దాని మీద స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) లిస్టు పేరుతో ఇంకో రెండేళ్లు వస్తుంది, మాకు రాదు. ఓటీ ఆ లిస్టులో లేదు. కాబట్టి ఆ ఏడాదిలోనే పరీక్ష, లైసెన్స్, ఉద్యోగం, హెచ్-1బీ లాటరీ అన్నీ. యూనివర్సిటీలకు అనుబంధంగా ఉన్న కొన్ని ఆస్పత్రులకు లాటరీతో పని ఉండదు, నేను అక్కడే ప్రయత్నిస్తున్నా. ఇంకా, హెల్త్‌కేర్ వర్కర్ సర్టిఫికెట్ అని ఒకటి కావాలి, అమెరికాలో చదివినా సరే. గ్రీన్‌కార్డ్‌లో షెడ్యూల్ ఎ అనే దగ్గరి దారి ఫిజికల్ థెరపిస్టులకూ నర్సులకూ ఉంది, ఓటీలకు లేదు. శీను అన్నకు ఇక్కడ ఒక పాయింట్.

నేను చేరేటప్పుడు ఇవేవీ తెలీవు. మా మేనమామ వాళ్లింట్లో ఉండి చదివినా కాబట్టి ఇల్లు, తిండి ఖర్చు తప్పింది. లేకపోతే మూడో ఏడే వెనక్కి వచ్చేదాన్ని.

బీపీటీ_శీను · సోమవారం సాయంత్రం 5:40

పాయింట్ రాసుకున్నా.

బాబు_అమ్మ_కడప · సోమవారం రాత్రి 10:18

నేను అడ్మిషన్ల గురించి చెప్పలేను. మా బాబుకు ఆరేళ్లు, ఆటిజం. నెలకోసారి రాత్రి బస్సులో బెంగళూరు పోతాం, ఓటీ సెషన్ కోసమే. నలభై ఐదు నిమిషాల సెషన్‌కు రెండు రాత్రుల ప్రయాణం. వాడు ఇంతకుముందు ఇసుక తాకడు, అన్నం కలపనివ్వడు, జుట్టు కత్తిరించాలంటే ముగ్గురు పట్టుకోవాలి. ఆ మేడమ్ మొదట పొడి రాగులు పళ్లెంలో పోసి అందులో చింతపిక్కలు దాచి వెతకమన్నారు. తర్వాత కొంచెం తడి. తర్వాత పిండి. ఇప్పుడు ముద్ద తానే చేసుకుంటాడు, పప్పన్నం ఒక్కటే. పెరుగన్నం ఇంకా లేదు.

మా ఊర్లో థెరపీ సెంటర్ అని బోర్డులు వచ్చినాయి. ఒకచోట చేరిస్తే రెండు నెలలు ఊయల ఊపి పంపినారు. ఏం చదివినారు అనడిగితే ట్రైనింగ్ తీసుకున్నాం అన్నారు. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ప్రభుత్వం పెట్టిన భవిత కేంద్రంలో టీచరమ్మ మంచిది, కానీ ఆమె ఒక్కతే ఎంతమందిని చూస్తుంది. ఆ పాప ఎక్కడ చదివినా సరే, చదివి ఈ పక్కకు వస్తే చెప్పండి. మా వాట్సాప్ గ్రూపులోనే ఇరవై ఇళ్ల పైన ఉన్నాయి.

తాడిపత్రి_ఓటీ · సోమవారం రాత్రి 11:47

కడప అక్కా, సర్టిఫికెట్ అడగడం మీ హక్కు. బీఓటీ ఉందా, రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. చూపించలేని చోట డబ్బు పోయడం ఆపేయండి.

నాన్నగారూ, ఇప్పుడు ఇక్కడి సంగతి. మేం చదివినప్పుడు బీఓటీ నాలుగేళ్లు, ఆపైన ఆరు నెలలు ఇంటర్న్‌షిప్. కేంద్ర ప్రభుత్వ సంస్థలు మీకు మంచివి: కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో ఎస్‌వీనిర్తార్, కోల్‌కతాలో ఎన్ఐఎల్‌డీ, చెన్నై దగ్గర ముట్టుకాడులో నీప్‌మెడ్. వీటి ఫీజు మీ బామ్మర్ది చూపించిన కాగితం పక్కన పెడితే నవ్వొస్తుంది. ఇవి కాక వేలూరు సీఎంసీ, మణిపాల్, ఎస్ఆర్ఎం ఉన్నాయి. 2021లో అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం వచ్చాక సిలబస్, ప్రవేశాల నిబంధనలు కదులుతున్నాయి. అందుకని పాప చేత నీట్ రాయించండి, ఆ సంస్థల నోటిఫికేషన్ కూడా వదలకండి. ఎంబీబీఎస్ ర్యాంకు కోసం కాదు కాబట్టి టెన్షన్ పడనక్కర్లేదని చెప్పండి.

ఎక్కడ చేరినా ఆ కోర్సుకు ప్రపంచ సమాఖ్య, అంటే డబ్ల్యూఎఫ్ఓటీ ఆమోదం ఉందో లేదో చూడండి. అదుంటే రేపు బయటి దేశాల తలుపు మూసుకోదు. కనీసం వెయ్యి గంటల ఫీల్డ్‌వర్క్ ఉండాలన్నది వాళ్ల నియమం. నా క్లాస్‌మేట్లలో ఇద్దరు బీఓటీ తర్వాత అమెరికా వెళ్లి మాస్టర్స్ చేసి, ఎన్‌బీకాట్ వాళ్ల అర్హత పరిశీలన దాటి పరీక్ష రాసినారు. ఒకామె అక్కడి రిజిస్ట్రేషన్ సంస్థ హెచ్‌సీపీసీలో నమోదై ఇంగ్లండ్‌లో ఉంది. వాళ్లు ఐదేళ్ల కంబైన్డ్ చేసినవాళ్లకంటే రెండు మూడేళ్లు ఆలస్యంగా చేరి ఉంటారు. కానీ వెళ్లేనాటికే ఓటీలు. మధ్యలో ఆగిపోయినా చేతిలో పని ఉంది.

అన్నిటికంటే ముందు పాపను ఒక రోజంతా ఏదైనా సెంటర్లో కూర్చోబెట్టండి. అవ్వ పక్కన చూసింది ఒక పేషెంట్‌ని. ఒకే రోజులో పదిమందిని చూడడం వేరు. బత్తలపల్లి ఆర్డీటీ ఆస్పత్రి వైపు అడిగి చూడండి, ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు వికలాంగుల కోసం చాలా ఏళ్లుగా పనిచేస్తున్నారు. లేదా బెంగళూరు వస్తే మా సెంటర్లో మా పెద్ద మేడమ్‌ని అడిగి ఏర్పాటు చేస్తా.

బుధవారపేట_నాన్న · రెండో ఆదివారం రాత్రి 8:55

ఇది పాప రాస్తోంది, నాన్న ఫోన్ నుంచి. అందరికీ థాంక్స్. నిన్న తాడిపత్రి అక్క వాళ్ల సెంటర్‌కు వెళ్లొచ్చినా. పొద్దున తొమ్మిది నుంచి ఐదు దాకా.

నేననుకున్నట్టు లేదు. ఒక బాబు అక్కను కొరికినాడు. ఒక అంకుల్ చొక్కా గుండీ పెట్టుకోవడానికి ఇరవై ఆరు నిమిషాలు పట్టింది, నేను గడియారం చూస్తూనే ఉన్నా. పదో నిమిషంలో నా చెయ్యి ముందుకు పోయింది, అక్క నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. ఆయన గుండీ పెట్టుకుని నా వైపు చూసి, మళ్లీ విప్పేసి, "ఇప్పుడు టైమ్ పెట్టు" అన్నారు. రెండోసారి పంతొమ్మిది. మధ్యాహ్నం మొత్తం అక్క రిపోర్టులే రాసింది, అది బోర్.

నీట్ రాస్తా. కటక్, ముట్టుకాడు ఫారాలు కూడా నింపుతా. నాన్న పొలం గురించి బ్యాంకు తాతగారు చెప్పింది విన్నాక అమెరికా ఇప్పుడొద్దు అనుకున్నాం. మామయ్య కొంచెం అలిగినాడు. పెన్నా అక్కా, నీ అనాటమీ నోట్సు ఉంటే పంపుతావా?

పెన్నా_గట్టు · రెండో ఆదివారం రాత్రి 9:30

ఉన్నాయి, స్కాన్ చేసి పంపుతా. భుజం దగ్గరి నరాల బొమ్మ నా చేతిరాతలో ఎవరికీ అర్థం కాదు, దాన్ని మాత్రం నువ్వే పదిసార్లు గీసుకో. మామయ్య అలక నా బాధ్యత కాదు.

ఒక్కమాట_చెప్తా · రెండో ఆదివారం రాత్రి 9:41

ఒరిస్సా కూడా దూరమే.

సంగటి_ముద్ద · రెండో ఆదివారం రాత్రి 10:02

తాడిపత్రి మేడమ్, ఒక డౌటు. మా నాయనకు కుడిచేతి వేళ్లు పూర్తిగా ముడుచుకోవు, కీళ్లవాతం. స్పూన్ పట్టుకుంటే జారిపోతోంది. తినిపిస్తే ఒప్పుకోడు, కోపం. ఏమైనా చేయొచ్చా?

తాడిపత్రి_ఓటీ · రెండో ఆదివారం రాత్రి 10:15

స్పూన్ కాడ సన్నగా ఉండడమే సమస్య. లావు చేయండి. సైకిల్ షాపులో హ్యాండిల్‌కు వేసే రబ్బరు గ్రిప్పు దొరుకుతుంది, లోపల గుడ్డ చుట్టి కాడకు బిగుతుగా తొడగండి. అంచున్న పళ్లెం పెట్టండి, కింద తడిగుడ్డ వేస్తే కదలదు. కీళ్లు వాచి వేడిగా ఉంటే మాత్రం ముందు డాక్టర్‌కు చూపించండి.

సంగటి_ముద్ద · బుధవారం రాత్రి 9:07

షాపువాడు ఒకటే అమ్మనన్నాడు, జత తీసుకున్నా. స్పూన్‌కు ఒకటి తొడిగినా, రసం అన్నం తానే తిన్నాడు, సగం పంచె మీద పడింది గానీ ఎవర్నీ దగ్గరికి రానీలేదు. రెండోది అమ్మ సంగటి తెడ్డుకు వేయించుకుంది.